ఘాటు లేని మిరపకాయలు

మా ఇంట్లో కారం ఏడాదికి ఒక్కసారే దంచుతాం. వేసవిలో ఎండుమిరపకాయలు కొని, తొడిమలు తీసి, మిద్దె మీద గలగలలాడేట్టు ఎండబెట్టి, ధనియాలు, ఉప్పు, తెల్లగడ్డలు చేర్చి రోట్లో దంచి జాడీకెత్తితే మళ్లీ వేసవిదాకా దిగులుండదు. మిల్లుకు వేస్తే కారం వేడెక్కి రుచి పోతుంది. పైగా అంతకుముందు ఎవరిదో పసుపు ఆడించి ఉంటారు, అది మన కారంలో కలుస్తుంది. మన కారం కొంత మిల్లులోనే ఉండిపోతుంది. అది నాకు అసలే నచ్చదు.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో కూడా దంచాం.

మాది ఎర్రగుంట్లకు దగ్గర పల్లె. ఆ వేసవికి నా మనవరాలు, నా కొడుకు కూతురు, తొలికాన్పుకు కర్నూలు నుంచి మా ఇంటికి వచ్చి ఉంది. తొమ్మిదో నెల. నా కొడుకు సిమెంటు లారీ నడుపుతాడు. నాలుగూళ్లు తిరిగేవాడివి, బిడ్డ పుట్టేదాకా ఈ గడప తొక్కొద్దు, ఫ్యాక్టరీ దగ్గరే పడుకోమని చెప్పేశాను. ఇంట్లో మిగిలింది ముగ్గురు ఆడవాళ్లం: నేను, నా కోడలు, ఆ పిల్ల. కాన్పు అయ్యేదాకా ఈ రోగం మా ఇంట్లోకి రాకూడదు. అదొక్కటే నా పట్టు. మిగతావన్నీ ఆ తర్వాతే.

సర్కారువాళ్లు చెప్పినవి వాళ్లకంటే గట్టిగా నేను చేయించాను. మధ్యాహ్నం పన్నెండు దాటితే బయట తిరగొద్దన్నారు. నేను తొమ్మిదికే తలుపు గొళ్లెం పెట్టేదాన్ని. మాటిమాటికీ సబ్బుతో చేతులు కడగమన్నారు. సబ్బు ఊరికే అరిగిపోతుందని కుంకుడుకాయలు నానబెట్టి, ఆ నురుగు చెంబుతో గడప దగ్గర పెట్టాను. మాస్కులు కట్టుకోమన్నారు. నా పాత నూలుచీర చించి అందరికీ కుట్టాను. ఆరడుగుల దూరమన్నారు. ఆరడుగులంటే నాలుగు మూరలు. నా చెయ్యి కాస్త పొట్టి కాబట్టి ఐదు మూరలు కొలిచి, వాకిట్లో సున్నంతో గీత గీశాను. బయటివాళ్లు ఎవరొచ్చినా ఆ గీతకు ఆవలే. సరుకులకు బయటికి పోయేది నేనొక్కదాన్నే కనుక నా పడక వసారాలోకి మార్చుకున్నాను. మనవరాలు నడిమింట్లో. దానికి అన్నం పెట్టేది దాని తల్లి తప్ప ఎవరూ కాదు.

పక్కింట్లో సాయిబుల కుటుంబం ఉంది. ఆ ఇంటామె, నేను ముప్పై ఏండ్లుగా ఒకే రోట్లో ఎదురెదురుగా నిలబడి రెండు రోకళ్లతో కారం దంచుతున్నాం. వరస కలుపుకుని నన్ను వదినా అంటుంది. ఈ ఏడు నువ్వు దంచొద్దు, మీ అరుగు మీదనే కూర్చుని జల్లెడ పట్టమని ఆమెతో చెప్పాను.

“ఏంది వదినా, నన్నే గీత బయట పెడ్తాండావా? సర్కారోళ్లే నయం, పన్నెండు దాకన్నా వదుల్తాండారు” అంది.

“కడుపుతో ఉండే పిల్ల ఇంట్లో ఉండాది. నీకు తెలీదా?” అన్నాను.

ఆమెకు తెలుసు. జల్లెడ తీసుకుని పోయింది.

మిరపకాయలకు పొద్దున్నే ఎర్రగుంట్లకు పోయాను. ఏటా కొనే అంగడాయన దగ్గరే. ఒక కాయ తుంచి, మాస్కు కాస్త ఎత్తి వాసన చూశాను. వరసగా మూడు తుమ్ములొచ్చాయి. సరుకు మంచిదేనని తేలిపోయింది. ఇక బేరం. మూతికి గుడ్డ కట్టుకుని బేరం ఎట్లా ఆడతారు? నేను తగ్గించి అడిగిన ప్రతిసారీ ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏమంటాండావు పెద్దమ్మా? వినపళ్ల్యా” అంటాడు. ఎక్కువ చెప్పినప్పుడు మాత్రం ఆయన గొంతు నాకు చక్కగా వినపడుతోంది. మూడుసార్లు ఓర్చుకున్నాను. నాలుగోసారి మాస్కు గడ్డం కిందికి లాగాను. ఆయన కూడా లాగాడు. ఇద్దరం ఎదురెదురుగా, మూరెడు దూరంలో, నోరారా బేరమాడుకున్నాం. చుట్టూ ఇంకో పదిమంది అట్లాగే ఆడుతున్నారు. నేను అడిగిన ధరకే ఇచ్చాడు. గెలిచానని సంచి నెత్తిన పెట్టుకుని వచ్చాను.

తొడిమలు తీయడం, ఎండబెట్టడంలో ఐదారు రోజులు పోయాయి. ఆఖర్లో ఒళ్లు కాస్త వెచ్చబడింది, నడుము లాగింది. మిద్దె మీద ఎండలో కూర్చుంటే లాగదా మరి అనుకుని మజ్జిగ తాగాను. అదే రోజు కోడలు చేసిన పప్పు నోట్లో పెట్టుకుంటే తవుడు తిన్నట్టుంది.

“తిరగమాత వెయ్యలేదా?” అని అడిగాను.

“ఏసినా గదత్తా. ఇంగువ కూడా ఏసినా.”

“ఇంగువ ఏస్తే వాసనేది? పొదుపంటే ఇట్ల గాదు” అని నేనే చెప్పాను. పొదుపు గురించి నాకు చెప్పే మనిషి మా ఇంట్లో లేదు మరి.

మరునాడు మిద్దె మీద మిరపకాయ తుంచి చూస్తే ముక్కు అదరలేదు. ఇంకోటి తుంచాను. అదీ అంతే. పైన మంచివి చూపించి, సంచి అడుగున పనికిరానివి పోశాడని అర్థమైపోయింది. ఫోను చేయించి ఆయన్ను తిట్టాను.

“ఏమప్పా, మిరపకాయలని మట్టి అమ్మినావే! ఘాటనేదే ల్యా!”

“అమ్మా, నాకే ఈడ కండ్లు మండిపోతాండాయి, ఘాటు ల్యాదంటావేంది?” అన్నాడు.

దొంగ ఏడుపు అనుకున్నాను. ఘాటు చాలదు కదా అని వచ్చే ఏటికి దాచిన పాత మిరపకాయలు కూడా రెండు చేటలు తెచ్చి కొత్తవాటిలో కలిపేశాను.

దంచిన రోజు సంగతి మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రోలు వాకిట్లో, గీతకు ఈవల ఉంది. మాస్కు కట్టుకుని నేనొక్కదాన్నే దంచుతున్నాను. దంచిన కారం చేటలో పోసి గీత మీద పెట్టి వెనక్కి జరిగితే, పక్కింటామె వచ్చి తీసుకుపోయి తన అరుగు మీద జల్లిస్తోంది. పది పోట్లు పడ్డాయో లేదో ఆమెకు దగ్గు మొదలైంది. తర్వాత మా కోడలు. తర్వాత ఎదురింటివాళ్లు. గాలి ఎటు తిరిగితే అటు వీధి దగ్గుతోంది. అరుగు కింద పడుకున్న కుక్క లేచి రెండుసార్లు తుమ్మి ఊరి బయటికి పోయింది. నేను మాత్రం ఏకధాటిగా దంచుతూనే ఉన్నాను. ఒక్క తుమ్ము లేదు. ఏం మనుషులమ్మా, ఈ మట్టికే ఇంత గోల చేస్తున్నారు అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఆశా కార్యకర్త వీధి మొదట్లోకి వచ్చింది. మా ఊరి కోడలే. వారానికోసారి ఇంటింటికీ వచ్చి ఎవరికి జ్వరం, ఎవరికి దగ్గు అని రాసుకునిపోతుంది. చంకలో పుస్తకం, చేతిలో నుదుటి మీద పెట్టి చూసే జ్వరం మిషను. అన్ని గడపల్లోంచీ దగ్గులు వినేసరికి అక్కడే ఆగిపోయింది.

“నాయనో! వీధి వీధంతా తగులుకున్యాదే! ఎవురూ బయటికి రావాకండి! కట్టెలు కట్టిస్తా!”

కిందటేడు పక్కవీధికి అడ్డంగా కట్టెలు కట్టి రాకపోకలు ఆపేశారు. అందుకని అందరికీ ఆ మాట అంటే దడ.

“కట్టెలూ వద్దు, కంపా వద్దు! కారం దంచుతాండామమ్మే!” అని అరిచాను.

ఆమె నమ్మలేదు. సంగతేమిటో చూద్దామని నాలుగడుగులు ముందుకేసింది. ఐదో అడుగుకు తనే, రెండు మాస్కుల్లోంచి, పుస్తకం జారిపోయేట్టు దగ్గింది.

“రాసుకో తల్లీ, మొదట నీ పేరే రాసుకో!” అని పక్కింటామె దగ్గుల మధ్యన నవ్వింది. వీధంతా నవ్వీ దగ్గీ, దగ్గీ నవ్వీ అలిసిపోయింది.

ఆశా పిల్ల కళ్లు తుడుచుకుని గీత దాకా వచ్చి నన్ను తేరిపార చూసింది.

“అవ్వా, రోటికాడ ఉండేది నువ్వు. నీకెట్ల దగ్గు రాల్యా?”

“నా ముక్కు గట్టిదిలేమ్మే. అయినా ఈటిల్లో ఘాటుంటే గదా రావడానికి. ఆయప్ప మట్టి అమ్మినాడు.”

పక్కింటామె జల్లెడ ఆపేసింది.

“ఘాటు ల్యాదా? వదినా, నా కండ్లు సూడు ఎట్లుండాయో! ఏడాదేడాదీ మొదటి తుమ్ము నీదే గదా. నీ తుమ్ముకు మా కోళ్లు గోడెక్కేవి!”

ఆశా పిల్ల నవ్వలేదు. కోడలితో ఇంగువ డబ్బా తెప్పించి, మూత తీసి రోటి పక్కన పెట్టించి, మాస్కు దించి వాసన చూడమంది. చూశాను. ఏమీ లేదు.

“ఇంగువ గూడా కల్తీనే” అన్నాను.

ఆమె తెల్లగడ్డ రెబ్బ నలిపి పెట్టమంది. ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాను. ఏమీ లేదు.

“తెల్లగడ్డకు కల్తీ యాడ చేస్తారవ్వా?” అంది మెల్లగా.

నాకు అప్పటికి తెలిసొచ్చింది. రోకలి చేతిలోనే ఉంది. అంతలో గడపలోంచి “జేజీ, ఏమైంది?” అని మనవరాలు ఒక కాలు బయట పెట్టింది.

“గడప దాటితే కాళ్లిరగ్గొడతా!” అని అరిచాను. ఆ అరుపుకు వీధిలో దగ్గులన్నీ ఆగిపోయాయి. పిల్ల కాలు వెనక్కి తీసుకుంది. ఇన్నాళ్లూ నేను తిట్టిన తిట్లలో అంత భయపడి తిట్టింది అదొక్కటే.

మధ్యాహ్నంలోపు నర్సమ్మ వచ్చి ముగ్గురి ముక్కుల్లోనూ పుల్ల పెట్టి చూసింది. కోడలికీ మనవరాలికీ లేదు. నాకు ఉంది. వీధిలో దగ్గినవాళ్లకూ చూసింది, ఎవరికీ లేదు. దగ్గనిదాన్ని నేనొక్కదాన్నే, రోగమూ నాకొక్కదానికే.

“ఇంట్లో నిండు చూలాలుండాది. నువ్వు కరోనా సెంటరుకు పోతావా అవ్వా? ఆడ దినామూ గుడ్డు గూడా పెడ్తారు” అంది ఆశా పిల్ల. ఊరికే వచ్చే గుడ్డు అన్నా నా మనసు కదల్లేదు. కాన్పు వేళకు ఇంటికి దూరంగా ఉండలేను. అట్లాగని గడప లోపల ఉండకూడదు. దొడ్లో పాడి ఎనుములు అమ్మేశాక ఖాళీగా పడున్న కొట్టం చూపించాను. ఆమె నా వేలికి క్లిప్పు పెట్టి చూసి, అంతకుముందే కరోనా సూది ఒకటి వేయించుకున్నానని పుస్తకంలో చూసుకుని, సరేనంది. మందుల సంచి ఇచ్చి, రెండుపూటలా వచ్చి చూసిపోతానంది. వచ్చింది కూడా.

కొట్టం ముందు కోడలు సున్నంతో గీత గీసింది. ఆరు మూరలు కొలిచింది. నా గీతకంటే ఒక మూర ఎక్కువే. పళ్లెం గీత మీద పెట్టి, వెనక్కి పోయి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది.

“అత్తా, మాస్కు ముక్కు మీదికి లాక్కో. అట్ల గాదు, ఇంకా పైకి.”

పాతికేండ్లలో ఆమె నాకు చెప్పిన మొదటి ఆజ్ఞ అదే. రెండోది, “నురుగు నీళ్లు గాదు, సబ్బు రుద్దుకో. అరిగితే అరగనీ.” నోరు మూసుకుని రుద్దుకున్నాను. ఇంత చేసి రోగాన్ని ఇంటికి తెచ్చింది ఎవరు? లారీ నడిపే కొడుకు కాదు, గీత అవతల నిలబెట్టిన పక్కింటామె కాదు. మిరపకాయల అంగట్లో మూతిగుడ్డ దించి గెలిచిన నేను. రోజంతా ఆ కొట్టంలో కూర్చుని ఇంటి వైపు చెవి పెట్టేదాన్ని. లోపల ఎవరైనా దగ్గితే లేచి గీత దాకా వచ్చి నిలబడేదాన్ని. పళ్లెం తెచ్చినప్పుడు కోడలే ముందుగా, “అది నా దగ్గు. నీ కారం పప్పులో ఏసినా” అని చెప్పేది. రెండు చేటల పాత మిరపకాయలు కలిపాను కదా, ఆ కారం చిటికెడు వేసినా పొయ్యి దగ్గర నిలబడలేకపోయేవాళ్లు. అయినా పారేయలేదు. మా కోడలు నా దగ్గర నేర్చుకున్నది కొంత ఉంది.

ఆరో రోజు తెల్లవారుతూనే మనవరాలికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు వచ్చింది. దాన్ని నడిపించుకుని కొట్టం ముందు నుంచే పోవాలి. గీత దగ్గర ఆగింది.

“జేజీ, భయంగా ఉండాది.”

చెయ్యి పట్టుకోవాలి. నెత్తి నిమరాలి. గీత అటు, నేను ఇటు.

“భయమెందుకే? మాస్కు సరిగా కట్టుకో” అన్నాను. నోట్లోంచి ఆ మాటే వచ్చింది. అది నవ్వింది. నవ్వుతూనే నొప్పికి వంగిపోయింది.

పొద్దుటి నుంచీ నీళ్లు కూడా తాగకుండా ప్రార్థన చేస్తూ కూర్చున్నాను. పక్కింటామె గోడ అవతల తన నమాజు తాను చేసుకుంటోంది. ఆసుపత్రి నుంచి ఫోను వస్తే ఆమెకే రావాలి, నా ఫోను కోడలు పట్టుకుపోయింది. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు గోడ మీద ఆమె తల కనపడింది.

“వదినా! ఆడపిల్ల! తల్లీబిడ్డా చల్లగుండారు. ఇద్దరికీ పరీక్ష చేసినారంట, రోగం ల్యా, ఏం ల్యా!”

కొట్టంలో గాటికొయ్యకు ఆనుకుని కొంగు కళ్లకు అడ్డం పెట్టుకున్నాను. ఆమె గోడ మీద నుంచే, “ఏడుస్తాండావా వదినా? కారమేమన్నా కండ్లల్లో పడిందా?” అంది.

బిడ్డను ఇంటికి తెచ్చేటప్పటికి కొట్టంలో నా పద్నాలుగు రోజుల గడువుకు ఇంకా నాలుగు రోజులు మిగిలాయి. దూరం నుంచి గుడ్డల మూట చూపించారు, అంతే. మరునాడు పొద్దున బిడ్డకు నీళ్లు పోసి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పట్టారు. ఆ పొగ దొడ్లోకి వచ్చింది. మొదట ఏదో తెలిసీ తెలియనట్టు. తర్వాత ముక్కులో చక్కిలిగింత. తర్వాత తుమ్మాను. గోడ అవతల కోళ్లు ఎగిరి గోడెక్కాయి.

“అత్త తుమ్మింది!” అని కోడలు లోపల్నుంచి కేక పెట్టింది. తుమ్మితే మనుషులు పారిపోయే రోజుల్లో మా ఇంట్లో తుమ్మినందుకు అందరూ నవ్వారు.

కొన్ని నెలలకు కర్ఫ్యూ పోయింది. మిరపకాయల ఆయన చింతపండు బండితో మా వీధికొచ్చాడు. మాస్కు కట్టుకున్న మనిషి వీధిలో ఒక్కరూ లేరు, నేను తప్ప. చంకలో మునిమనవరాలు ఉంది. ఫోనులో తిట్టినందుకు నేనేమీ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ధర చెప్పాడు. తగ్గించి అడిగాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

“ఏమంటాండావు పెద్దమ్మా? వినపళ్ల్యా.”

నా చెయ్యి గడ్డం దాకా పోయింది. చంకలో పిల్ల నా మాస్కు కేసి చూస్తోంది. చెయ్యి దించేశాను. ఆయన చెప్పిన ధరకే, పెండ్లయి ఈ ఊరికి వచ్చాక మొదటిసారి, బేరం లేకుండా కొన్నాను.

ఆయన బండి మూల సంచిలోంచి కొసరుగా ఒక పిడికెడు ఎండుమిరపకాయలు తీసి నా చేటలో వేశాడు.

“ఈడనే వాసన చూసుకోమ్మా. మళ్ల ఫోన్లు చేయాకు” అన్నాడు.