పిల్లలు బాగున్నారు

మేట్రనమ్మగారు పోయారని ఫోను వచ్చేసరికి మా కారు గుండుగొలను దాటింది. నేనూ, నేను పనిచేసే ఫౌండేషన్ డైరెక్టరు గారూ తాడేపల్లిగూడెం వెళ్తున్నాం, మేం గ్రాంటు ఇచ్చిన కుట్టు కేంద్రం చూడడానికి. ఫోను చేసింది నాతోపాటు హాస్టల్లో చదివిన స్నేహితురాలు. మేట్రనమ్మగారు ఆఖరి రోజుల్లో దెందులూరులో అక్క కూతురింట్లో ఉన్నారు. "పొద్దున్న కాఫీ తాగి మళ్ళీ పడుకున్నారంట. లేపితే లేవలేదు. రేపు పదింటికి ఏలూరులో భూస్థాపన. నువ్వొస్తావా?" అంది. ఆ చివరి ప్రశ్న ఎందుకు అడిగిందో నాకు తెలుసు.

"ఎవరండీ?" అన్నారు డైరెక్టరు గారు. నన్ను పెంచిన హాస్టలు మేట్రనని చెప్పాను. "అయ్యో. అయితే రేపు వెళ్దాం, నేనూ వస్తాను" అన్నారు. వద్దండీ అనడానికి నాకు కారణం దొరకలేదు. మా డైరెక్టరు గారు మంచి మనిషి. ఇందులో నేను తిట్టదలచుకున్నవాళ్ళ లెక్కలో ఆవిడ లేరు.

మా హాస్టలు ఏలూరులో ఒక చర్చి ఆవరణలో ఉండేది. కొల్లేటి లంకల నుంచీ, చుట్టుపక్కల పేటల నుంచీ వచ్చిన ఆడపిల్లలం డెబ్భై మందిమి. మేట్రనమ్మగారు మమ్మల్ని పేర్లతో కాక ఊళ్ళతో పిలిచేవారు. ఒకే ఊరు నుంచి ఇద్దరొస్తే పెద్ద, చిన్న అని చేర్చేవారు. కొప్పులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు ఉండేది. మా నోటు పుస్తకాల్లోనే కాదు, కిరాణా కొట్టు నుంచి వచ్చిన చీటీలో కూడా అక్షర దోషాలు దిద్ది వెనక్కి పంపేవారు. పాపం ఆ కొట్టాయన చివరికి 'మినప్పప్పు' సరిగ్గా రాయడం నేర్చుకున్నాడు. అందరూ తిన్నాక వంటింటి గుమ్మం దగ్గర నిలబడే అన్నం తినేవారు. కూర్చోండమ్మగారూ అంటే, "కూర్చుంటే మళ్ళీ లేవాలి కదే" అనేవారు.

ఒకసారి విదేశాల నుంచి దాతలు భోజనాల వేళకి వచ్చారు. హాస్టలు వ్యవహారాలు చూసే కరస్పాండెంటు గారు హడావిడిగా వచ్చి, పిల్లల్ని లేపి పాట పాడించమన్నారు. మేం సగం అన్నంలో ఉన్నాం. "కంచం ముందు కూర్చున్న పిల్లల్ని లేపకూడదండీ. వాళ్ళని కాసేపు ఆగమనండి" అన్నారు మేట్రనమ్మగారు. దాతలు వరండాలో బెంచీ మీద కూర్చుని ఆగారు. వాళ్ళలో ఒకాయన కిటికీలోంచి కెమెరా పెడితే వెళ్ళి రెక్క మూసేశారు. "ఎంగిలి మూతితో ఎవరైనా ఫొటో తీయించుకుంటారా?" అని మాతో అన్నారు. ఈ పాతికేళ్ళ ఉద్యోగంలో నేను ఎన్నో సంస్థలు చూడడానికి వెళ్ళాను. నా కోసం పిల్లల్ని కంచాల ముందు నుంచి లేపని హాస్టలు ఒక్కటీ చూడలేదు. నేనూ ఆగుతానని అనలేదు.

మాలో ఒక్కొక్కరి ఖర్చూ దూరదేశంలో ఒక్కొక్క దాత పెట్టుకునేవారు. ఏడాదికి రెండుసార్లు వాళ్ళకి ఉత్తరం రాయాలి. మేం తెలుగులో రాస్తే ఆఫీసువాళ్ళు ఇంగ్లీషు చేసేవారు. మేట్రనమ్మగారు భోజనాల గదిలో మమ్మల్ని బారుగా కూర్చోబెట్టి చెప్పేవారు: "ఏం తిన్నారు, ఏం చదివారు, వాన పడిందా. ఈ మూడూ రాయండి. మీ ఇంటి ఏడుపు వాళ్ళకెందుకు? ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. మీరంతా లంక పిల్లలే, జాగ్రత్త." మేం నవ్వేవాళ్ళం.

నేను ఏడో తరగతిలో ఉండగా ఆవిడకి టైఫాయిడ్ వచ్చి ఒక నెల లేరు. ఆ నెలలోనే ఉత్తరాల రోజు వచ్చింది. నా పక్క మంచం పిల్లకి అంతకు ముందే వాళ్ళ నాన్న పోయాడు. ఆ సంగతి తెలిసి ఆమె దాత గులాబీ రంగు స్వెట్టరు పంపింది. ఏలూరు ఎండల్లో ఆ పిల్ల దాన్ని తొడుక్కుని చెమటలు కక్కుతూ తిరిగేది, మేమంతా ముట్టుకుని చూసేవాళ్ళం. నేను నా ఉత్తరంలో, మా నాన్న కొల్లేట్లో పడవ తిరగబడి చనిపోయాడని రాశాను. అప్పటికి మా నాన్న కైకలూరు వైపు ఒక చేపల చెరువు మీద కాపలా ఉంటున్నాడు. కిందటి ఆదివారమే వచ్చి ఎండు చేపలు ఇచ్చి వెళ్ళాడు. స్వెట్టరు కోసం నేను మా నాన్నని చంపేశాను, ఇంకోలా చెప్పడానికి మాటలు లేవు.

పడవలో ఎవరున్నారో, గట్టు మీద ఎవరు ఏడ్చారో, తువ్వాలు ఒక్కటే ఎలా తేలిందో అన్నీ రాశాను. బాగా రాశాను. ఆ ఉత్తరం అక్కడ ఒక చర్చిలో చదివారట. స్వెట్టరే కాదు, హాస్టలు మొత్తానికి సాయం పెరిగింది. మాకు వారానికి రెండు గుడ్లు రావడం అప్పటి నుంచే.

మేట్రనమ్మగారు తిరిగొచ్చి సంగతి తెలుసుకున్నారు. కొట్టలేదు. కాగితం ఇచ్చి, "అబద్ధం రాశాను, మా నాన్న బతికే ఉన్నాడు అని రాయి. తప్పులు లేకుండా రాయి" అన్నారు. రాశాను. ఆవిడ దాన్ని పట్టుకుని ఆఫీసుకి వెళ్తే నన్ను గుమ్మం బయట నిలబెట్టారు. లోపల కరస్పాండెంటు గారి గొంతు వినిపించింది. "ఇది పంపితే రేపు మనల్ని ఎవరు నమ్ముతారమ్మా? డెబ్భై మంది నోటి దగ్గర కూడు. మీరే చెప్పండి, పంపమంటారా?" ఆవిడ ఖాళీ చేతులతో బయటికొచ్చారు. నావైపు చూడకుండా, "నేను ఒప్పుకున్నానే. నువ్వు గెలిచాననుకోకు" అన్నారు.

కాని నేను గెలిచాననే అనుకున్నాను. "ఈ పిల్ల చేతిలో ఏదో ఉందండీ" అని కరస్పాండెంటు గారు మిగతా పిల్లల ఉత్తరాలు కూడా నాతో రాయించడం మొదలుపెట్టారు. ఎవరింట్లో ఏ కష్టం ఉందో అడిగి తెలుసుకుని, దానికి కొంచెం చేర్చి రాసేదాన్ని. మేట్రనమ్మగారు ఆ ఉత్తరాల్లో అక్షర దోషాలు మాత్రం దిద్దేవారు. నా ఉద్యోగ జీవితం అక్కడ మొదలైంది. పెద్ద చదువుకి ఫెలోషిప్పు కావాలంటే నా గురించి రాయమన్నారు. చేయి తిరిగిన పనే, తండ్రి లేని పిల్లననే రాశాను. ఫౌండేషన్ ఇంటర్వ్యూలో అదే చెప్పాను. అవతలి కుర్చీల్లో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఆ కథ నాది కాదు, ఫౌండేషన్‌ది. నేను చదివిన హాస్టలు పేరు మాత్రం అందులో ఎక్కడా రానివ్వలేదు. మా నాన్నకి నెల నెలా డబ్బు పంపుతాను, పండగకి బట్టలు పెడతాను. నేనుండే హైదరాబాదుకి మాత్రం ఎప్పుడూ రమ్మనలేదు.

మా వృత్తిలోకి రావాలనుకునే యువతీ యువకులు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతారు. ఇన్నాళ్ళూ సేవాభావం, ఓర్పు అంటూ ఏవో చెప్పాను. ఇప్పుడు నిజం చెబుతాను. మా పని ఇవ్వడం కాదు, కాదనడం. వంద మంది అడిగితే తొంభై మందికి పైగా కాదనాలి. ఆ కాదన్నది విన్నవాళ్ళు థాంక్సండీ అని చెప్పి వెళ్ళాలి. అలా చెప్పగలిగినవాళ్ళే పైకొస్తారు. నేను బాగా పైకొచ్చాను.

ఉద్యోగం వచ్చిన కొత్తలో బత్తాయిలు పట్టుకుని మేట్రనమ్మగారిని చూడడానికి వెళ్ళాను. నా పని ఏమిటో ఓపిగ్గా విన్నారు. "అయితే డబ్బు నీది కాదు, అడిగేవాళ్ళు మాత్రం నీకు దణ్ణం పెడతారు. అంతేనా?" అన్నారు. అంతేనండీ అన్నాను. "వాళ్ళు దణ్ణం పెట్టేలోపే నువ్వు పెట్టెయ్యి" అన్నారు. నేను ఏమీ రాసుకోలేదు కాని ఆ మాట మర్చిపోలేదు. పాటించనూ లేదు.

కొన్నేళ్ళ కిందట బయటి దేశాల నుంచి ఆ హాస్టలుకి డబ్బు రావడం ఆగిపోయింది. కరస్పాండెంటు గారు అప్పటికే లేరు. రిటైరవ్వాల్సిన వయసులో మేట్రనమ్మగారే అన్నీ చూస్తున్నారు. మా ఫౌండేషన్‌కి దరఖాస్తు పెట్టారు. ఆవిడ చేతిరాత, ఒక్క దోషం లేదు. మా ఫారంలో 'ఒక లబ్ధిదారు జీవిత కథ, ఫొటోతో' అని ఒక పేజీ ఉంటుంది. ఆ పేజీలో ఆవిడ రాసింది రెండే ముక్కలు: 'పిల్లలు బాగున్నారు. బియ్యం చాలడం లేదు.'

ఫోను చేశాను. "అమ్మగారండీ, ఆ పేజీ నింపాలండీ. కమిటీ ముందు అదే చదువుతారు. మీకు కష్టమైతే ఎవరో ఒక పాప వివరాలు చెప్పండి, నేను రాసుకుంటాను."

"నువ్వు రాస్తావని తెలుసమ్మా."

"అలా కాదండీ. ఒక్క పేజీ. హాస్టలు నిలబడుతుంది."

"బాగున్న పిల్లలకి అన్నం పెట్టకూడదని మీ రూల్సులో ఉందా?"

లేదండీ అన్నాను.

"మరింకేం. ఒకసారి ఒప్పుకున్నానమ్మా నేను. ఆ గుడ్లు వండిన ప్రతిసారీ నాకు మీ నాన్న ముఖమే కనపడేది. మళ్ళీ ఇంకో పిల్ల చేత చేయించను" అన్నారు. ఆ తర్వాత నేను భోజనం చేశానో లేదో అడిగి ఫోను పెట్టేశారు.

కమిటీలో ఆ దరఖాస్తు వచ్చినప్పుడు డైరెక్టరు గారు, "ఈ హాస్టలు మనలో ఎవరికైనా తెలుసా?" అని అడిగారు. ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను అక్కడే చదివాను, ఆవిడ చేతి అన్నం తిన్నాను అంటే చాలు. కాని అలా చెబితే ఆవిడని పిలుస్తారు. నా గురించి అడుగుతారు. ఆవిడ అబద్ధం ఆడరు. నేను గ్లాసు అందుకుని నీళ్ళు తాగాను. ఫైలు పక్కకి వెళ్ళిపోయింది. కాదంటూ వెళ్ళాల్సిన ఉత్తరం తయారు చేసింది కూడా నేనే. వారం తిరక్కుండా నా పేరు మీద కార్డు వచ్చింది. 'ఉత్తరం అందింది. తప్పులు లేకుండా రాశావు. పిల్లలు బాగున్నారు.'

మరుసటి వేసవిలో హాస్టలు మూసేశారు. కొందరు ప్రభుత్వ హాస్టళ్ళకి వెళ్ళారు. కొందరు చదువు మానేసి రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్ళారని విన్నాను. మేట్రనమ్మగారు దెందులూరు చేరారు. ఆ హైవే మీద నేను ఎన్నిసార్లు తిరిగానో చెప్పలేను. ఒక్కసారి కూడా కారు ఆపమనలేదు. నాకు సిగ్గుగా ఉంది. ఆవిడ ఉండగా పడాల్సిన సిగ్గు ఇది.

మర్నాడు ఏలూరులో సమాధుల తోటలో వందకి పైగా ఆడవాళ్ళు కనిపించారు. అందరూ మా హాస్టలు పిల్లలే. నర్సులు, టీచర్లు, కూలికి వెళ్ళేవాళ్ళు, కొట్టు నడుపుకునేవాళ్ళు. ఎవరి జీవిత కథా ఎక్కడా అచ్చు కాలేదు. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక అందరం వరసలో వెళ్ళి పెట్టె మీద తలా గుప్పెడు మట్టి వేశాం. డైరెక్టరు గారు కూడా వేశారు.

వెనక్కి తిరిగేసరికి మా నాన్న ఎదురుగా ఉన్నాడు. ఎవరు చెప్పారో, తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టున్నాడు. గొయ్యి తవ్వడంలో సాయం పట్టాడేమో, రెండు చేతుల నిండా మట్టి. "ఎప్పుడొచ్చావమ్మా?" అన్నాడు.

"ఎవరండీ ఈయన?" అన్నారు డైరెక్టరు గారు.

నాకూ మా నాన్నకీ మధ్య మూరెడు దూరం లేదు. "మా ఊరాయనండీ" అన్నాను.

మా నాన్న నావైపు ఒక్క క్షణం చూశాడు. ఆ తర్వాత డైరెక్టరు గారికి మట్టి చేతులతోనే నమస్కారం పెట్టాడు. "ఆయ్, ఆ ఊరేనండి. ఈ పాపని చిన్నప్పట్నించీ ఎరుగుదునండి."

ఆయనకి తెలుసు. నా ఫొటో, నా కథ వేసిన మా ఫౌండేషన్ పుస్తకం లంక గ్రామాల్లో కూడా పంచారు. ఎవరో చదివి వినిపించే ఉంటారు. నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

"అయితే వీళ్ళ నాన్నగారు కూడా మీకు తెలిసుండాలి" అన్నారు డైరెక్టరు గారు, గొంతు తగ్గించి.

"తెలుసండి. చెరువు కాపలా ఉండేవోడండి. పాపంటే పేణమండి ఆడికి" అన్నాడు మా నాన్న.

డైరెక్టరు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రండి, చేతులు కడుక్కుందురుగాని" అని ఆయన్ని గేటు పక్కనున్న బోరింగు దగ్గరికి తీసుకెళ్ళారు. పమిట నడుముకి దోపుకుని తనే కొట్టారు. మా నాన్న వంగి, దోసిలి పట్టి, వేళ్ళ సందులన్నీ నిదానంగా కడుక్కున్నాడు. "చాలండమ్మగారూ" అన్నా ఆవిడ ఆపలేదు, మోచేతి దాకా మట్టి ఉందంటూ ఇంకా కొట్టారు. ఆయన కడుక్కున్నంతసేపూ తల ఎత్తి నావైపు చూడలేదు.