ప్రోగ్రెసివ్ అరకు నిచ్చెన పరీక్ష

రికార్డుల కొట్లో అరలు సర్దే ఆయన్ని అందరూ నిచ్చెన మామయ్య అనేవారు. ముప్పై ఏళ్లు నిచ్చెన మీదే గడిపినందువల్ల నేల మీద నడిచేటప్పుడు ఆయన కాళ్లు తడబడేవి. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

పాప్ రికార్డులు కింది అరలో, శాస్త్రీయ సంగీతం పక్క గోడకు. అన్నిటికంటే పైనున్నది ప్రోగ్రెసివ్ రాక్ అర, అంటే ఓ పట్టాన లెక్కకందని వంకర తాళాల రాక్ సంగీతం. అందులో చోటు కావాలంటే మామయ్య పరీక్ష నెగ్గాలి. పాట పెట్టి, దాని తాళానికి అడుగులేస్తూ ఆయన నిచ్చెన ఎక్కేవాడు. అడుగు తప్పి పడ్డాడా, అది ప్రోగ్రెసివ్. పడలేదా, పాప్. ఆ అరలో రికార్డులు నలభై ఒకటి, ఆయన మోకాళ్ల మీద మచ్చలూ నలభై ఒకటే. ఒకసారి పదమూడు దెబ్బల తాళానికి జారి, వీధికి అవతల ఉన్న టోపీల కొట్లో తేలాడు. అప్పుడు రికార్డుల కొట్టు కిటికీ మూసే ఉంది.

ఊరి సంగీత మందిరం నిర్వాహకురాలు ఏటా ఆ పై అర నుంచే ఒక బృందాన్ని కచేరీకి పిలిచేది. ఈ ఏడు ఆవిడ వచ్చేసరికి మామయ్య కూతురు తన బృందం మొదటి రికార్డు పట్టుకుని నిలబడి ఉంది.

"సింఫనీ, రాక్ రెండూ కలిపాం నాన్నా. సూటిగా పై అరకే."

"కలిపితే సరిపోతుందా? పాలల్లో నీళ్లు పోసినా కలపడమే."

"మాటలెందుకు, ఎక్కు. ఎక్కి బాగా పడు."

"కన్నతండ్రిని పడమనే కూతుర్ని ఇప్పుడే చూస్తున్నా!" అంది నిర్వాహకురాలు.

పాట మొదలైంది. పడాలని మామయ్య ఏ రోజూ ఇంతగా కోరుకోలేదు. కూతురి వయొలిన్ మెలికలు తిరిగింది, గిటార్లు గర్జించాయి. అయినా డ్రమ్ములు నాలుగు దెబ్బలు దాటలేదు, పాదం ప్రతి మెట్టు మీదా చక్కగా పడుతోంది. చివరి మెట్టు దగ్గర, కావాలనే జారితే ఎవరికి తెలుస్తుంది అన్న ఆలోచన వచ్చింది. ఇంతలో పాట ఊపందుకుంది. మెట్లు అయిపోయినా కాళ్లు ఆగలేదు. చూస్తే అరల బీరువా నెత్తిన చిందులేస్తున్నాడు. పైకప్పు దుమ్మంతా కింద ఉన్నవాళ్ల మీద రాలింది.

పాట అయిపోయింది.

"పడలేదు నాన్నా," అంది కూతురు.

"పడలేదమ్మా. అబద్ధం చెప్పలేను. ఇది పాప్."

నిర్వాహకురాలు జుట్టు దులుపుకుంది. "ఏటా మీ పై అర నుంచి తీసుకెళ్తున్నా. మా జనం గడ్డాలు గోక్కుంటూ వింటారు. ఇలా ఎగిరినవాడు ఒక్కడూ లేడు. ఈసారి కింది అర నుంచి తీసుకుంటే తప్పా?"

"తీసుకోండి. ప్రోగ్రెసివ్ అని మాత్రం రాయించకండి."

"పాప్ అని పెద్ద అక్షరాలతో రాయించండి మేడమ్! మాకేం నామోషీ?" అంటూ కూతురు రికార్డును తీసుకెళ్లి పాప్ అరలో అన్నిటికంటే ముందు పెట్టింది. చెయ్యి తీసేలోపే నిర్వాహకురాలు దాన్ని అందుకుని సంచిలో వేసుకుంది.

"అయ్యో, రికార్డు రెండో వైపు వినలేదు!" అని బీరువా మీద నుంచి మామయ్య లబోదిబోమన్నాడు.