కార్తీక సోమవారం, పదిహేనువందల మీటర్లు

1998 జూన్‌లో మండపేటలోని ఒక బాలికల హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిగా చేరాను. కాగితాల మీద పీఈటీ, పిల్లల నోట్లో డ్రిల్లు టీచరు. హాజరుపట్టీలో మా పేరు దాదాపు చివర ఉండేది. నాకు గట్టిగా మాట్లాడటం రాదు. ట్రైనింగ్ కాలేజీలో గ్రౌండులో కన్నా లైబ్రరీలోనే ఎక్కువగా కనబడేదాన్ని. ఈ ఉద్యోగానికి విజిల్ ఇస్తారు గనక బతికిపోయాను.

తెల్లవారుజామున పరుగు ప్రాక్టీసు నా బాధ్యత. వానాకాలంలో స్కూలు గ్రౌండు చెరువైపోతుంది కాబట్టి కాలవగట్టు మీద పరిగెత్తించేదాన్ని. రైసుమిల్లుల నుంచి ఉడికిన ధాన్యం వాసన వచ్చేది. లారీల రద్దీ మొదలయ్యేలోగా ముగించుకుని స్కూలుకి చేరాలి.

ఆ పిల్లల్లో దూరం పరుగుకు పనికొచ్చేది సత్యవతి. పదో తరగతి. అంతకు ముందు ఏడాది జోనల్ మీట్‌లో పదిహేనువందల మీటర్లలో మూడో స్థానంలో వచ్చింది. జిల్లా మీట్‌కి మొదటి ఇద్దరినే తీసుకుంటారు. స్కూలు తరఫున పరిగెత్తడానికి ఆ పిల్లకు ఇదే ఆఖరి ఏడాది. ఆ సంగతి నాకన్నా దానికే ఎక్కువ తెలుసు.

మొదటి చిక్కు తిండి దగ్గర వచ్చింది. సత్యవతిని పెంచింది వాళ్ళ నాన్నగారి తల్లి. ఊరందరికీ ఆవిడ మామ్మే. పిల్ల పరుగుకు వెళుతోందని గిన్నెడు చద్దన్నం, గడ్డపెరుగు, ఆవకాయ బద్ద పెట్టి పంపేది. గట్టు మీద కాస్త దూరం వెళ్ళేసరికి సత్యవతి డొక్క పట్టుకుని వంగిపోయేది. ఏమీ తినకుండా రమ్మన్నాను. మర్నాడు అలాగే వచ్చి, కళ్ళు తిరుగుతున్నాయని గట్టు మీద చతికిలబడింది. ఆ సాయంత్రమే మామ్మ స్కూలుకి వచ్చింది.

"ఏవండీ టీచరుగారూ, పరిగెత్తించేదీ మీరే, కడుపు మాడ్చేదీ మీరేనా? ఎద్దుకైనా గడ్డి వేసే అరక కడతారండీ!"

నిండా తిన్న వెంటనే పరిగెడితే అరుగుదలకీ కాళ్ళకీ రక్తం చాలదని, రాత్రంతా ఉపవాసముండి పరిగెడితే ఒంట్లో సత్తువ మధ్యలోనే అయిపోతుందని ఎలాగో చెప్పాను. మామ్మ శ్రద్ధగా విని, "అయితే ఎక్కువా కాకుండా, తక్కువా కాకుండా ఏంటో చెప్పండి" అంది. పరుగుకు గంట ముందు ఒక అరటిపండు, నాలుగు గుక్కల నీళ్ళు అన్నాను. చక్కెరకేళీయే పెడతానని ఆవిడ షరతు పెట్టింది. ఒప్పందం కుదిరింది. రెండు నెలల్లో సత్యవతి పరుగు కుదుటపడింది. డొక్కలో పోటు మళ్ళీ రాలేదు.

జోనల్ మీట్ రాజమండ్రిలో ఒక కాలేజీ గ్రౌండులో పెట్టారు. ఆడపిల్లల జట్టు ఊరు దాటాలంటే ఇంట్లోవాళ్ళ సమ్మతిపత్రం ఉండాలి. మామ్మ ఆ పత్రం మీద వేలిముద్ర వేసి, దాంతోపాటు తనూ వస్తానంది. కాదనే ధైర్యం నాకు లేదు. తెల్లవారుజాము బస్సులో బయల్దేరాం. కడియం దగ్గర మొక్కల లారీ ఒకటి అడ్డంగా నిలబడితే బస్సు ఆగింది. టైము చూసి, పండు పెట్టెయ్యమన్నాను. మామ్మ సంచిలోంచి తీసి ఇచ్చింది. సత్యవతి చెయ్యి చాపలేదు.

"ఇవాళ సోమవారం మామ్మా. ఉపవాసం."

కార్తీక మాసమని నాకు తెలుసు. సోమవారమనీ తెలుసు. రెంటినీ కలిపి ఆలోచించలేదు. మామ్మ ఉపవాసం ఏటా ఉన్నదే. పిల్ల కూడా ఉంటోందని మా ఇద్దరికీ తెలియదు.

"నిన్నెవరుండమన్నారే?"

"మొక్కుకున్నాను. పరుగులో ఫస్టు రావాలని. చుక్క కనబడేదాకా పండూ ముట్టను, నీళ్ళూ ముట్టను."

"ఓసి నీ మొక్కు తగలెయ్యా! పరుగు పందేనికి ఉపవాసమేంటే! నువ్వు మధ్యలో పడిపోతే ఆ శివుడు వచ్చి మోసుకెళతాడా?"

వెనక సీట్లో పిల్లలు కిసుక్కుమన్నారు. సత్యవతి కళ్ళు నిండాయి గాని పట్టు వదల్లేదు. దేవుడి విషయంలో నేనేం చెప్పినా తప్పే అవుతుందనిపించి విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. బస్సు కదిలింది. మామ్మ పండు తొక్క ఒలుస్తూ మనవరాలి వైపు తిరిగింది.

"సరే. నీ సోమవారం నాకిచ్చెయ్. ఇవాళ నీ బదులు నేనుంటాను."

"మరి నీ సోమవారం?"

"నాది రేపుంటాను. ఆయనకి రెండూ ముడతాయి. ఎవరిదేదో ఆయన చూసుకుంటాడు. తిను."

సత్యవతి నా వైపు చూసింది. నేను తల ఊపాను. అప్పుడు తింది.

గ్రౌండులో ఎండ ముదరకముందే దూరం పరుగులు పెట్టేస్తారు. మైకులో మూడుసార్లు పిలుస్తారు. ఆఖరి పిలుపుకి గీత దగ్గర లేకపోతే పేరు కొట్టేస్తారు. సత్యవతి మొదటి పిలుపుకే వెళ్ళి నిలబడింది. ముందు వెనకబడింది, అది మా పథకమే. మూడో చుట్టులో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. జనమంతా "ఇంకా, ఇంకా" అని అరుస్తుంటే, మామ్మ మాత్రం తాడు అవతల నిలబడి "మెల్లగా వెళ్ళవే, పడతావు!" అని అరిచింది. ఆఖరి మలుపులో ఇంకో పిల్లను దాటి, రెండోదిగా గీత తాకింది.

జిల్లాకు ఎంపికైంది. అయినా ముఖం వేలాడేసుకుని వచ్చి, తినడం వల్లే ఫస్టు పోయిందంది. మామ్మ కొంగుతో దాని మెడ తుడుస్తూ, "నువ్వడిగింది ఫస్టు. నేను తీసుకున్నాక మొక్కు నాదే కదే. నేనడిగింది జిల్లాకి వెళ్ళాలని. నాది ఇచ్చాడు" అంది. ఆ మాటతో సత్యవతి నవ్వేసింది.

మర్నాడు సాయంత్రం జిల్లా మీట్ సమ్మతిపత్రం తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మామ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అన్న మాట ప్రకారం మంగళవారం కూడా ఉపవాసముంది. "చుక్క పొడిచిందేమో చూసి పెట్టండి టీచరుగారూ, నా కళ్ళకి ఆనదు" అంది. సత్యవతీ నేనూ వాకిట్లో నిలబడి వెతికాం. కొబ్బరాకుల సందులోంచి ఒకటి కనబడింది. చెప్పగానే ఆవిడ లేచి నాక్కూడా కంచం పెట్టింది.

పరుగుకు ముందు ఏం తినాలో పుస్తకాల్లో ఉంది. ఎందుకు తినరో ఆ ఇంటివాళ్ళనే అడగాలి. ఆ తర్వాత ఉద్యోగం వదిలేదాకా, మీట్ తేదీలు రాగానే పంచాంగం తెరిచి చూసేదాన్ని. నా బ్యాగులో స్టాప్‌వాచీ, విజిల్, మందుల డబ్బాతో పాటు అదీ ఉండేది.