తుమ్మితే రమ్మన్నాను

కోరుట్ల దాటాక మా ఆటోను ఒక లారీ వెనక నుంచి గుద్దింది. విరిగిన భుజం ఎముక అతుక్కుంది కానీ, వెనక ఎవరైనా కదిలితే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి. నేను పనిచేసేది సిరిసిల్లలో, బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షెడ్డులో. మిషన్ల మోతకు పిలిస్తే వినపడదు. పనుంటే వెనక నుంచి వచ్చి వీపు తట్టడమే అలవాటు. తిరిగి పనిలోకి వెళ్ళిన రోజే మా సూపర్‌వైజర్ తట్టింది. నేను పెట్టిన కేకకు మిషన్లన్నీ ఆగిపోయాయి. నా చేతిలోని సగం కుట్టిన చొక్కా ఎగిరి వెళ్ళి ఆమె నెత్తిన పడింది.

జగిత్యాలలో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ, "మీరు పిరికివారు కాదు. ఆ దెబ్బను మీ ఒళ్ళు ఇంకా మరిచిపోలేదు, అంతే. వెనక నుంచి వచ్చేవాళ్ళను ముందు ఒక మాట చెప్పి రమ్మనండి" అంది. జంకుతూనే ఆ సంగతి సూపర్‌వైజర్‌కు చెప్పాను. మేమంతా ఆమెను ఆపా అంటాం, ఉర్దూలో అక్క అని.

"అరే, గింతేనా?" అని ఆపా మిషన్లు ఆపించింది. "ఎవరు ఈమె ఎన్కకు పోయినా 'అచ్చిన' అని గట్టిగ అనుండ్రి. ఈమె 'రా' అన్నంకనే పోవాలె."

వచ్చానని చెప్పే ఆ మాట బాగానే ఉంది. బట్ట దుమ్ముకు మా షెడ్డులో అందరికీ తుమ్ములే అన్న సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు. ఆ మోతలో "హాచ్చి"కి, "అచ్చిన"కు తేడా ఏం తెలుస్తుంది? ఎవరు తుమ్మినా నేను "రా" అనేదాన్ని. షెడ్డంతా గొల్లున నవ్వేది. పక్క మిషన్ అక్క మరీ కొంటెది. ముక్కులో దారం పెట్టుకుని మరీ తుమ్మి, "రమ్మన్నవా చెల్లె?" అని లేచి వచ్చేది. నవ్వు ఆపుకోలేక నా కుట్లు వంకర పోయేవి.

ఒకరోజు సరుకు చూసుకోవడానికి హైదరాబాద్ నుంచి ఒక సారు వచ్చాడు. కుట్టిన బట్టలు పేర్చేది నా వెనకే. తెచ్చేవాళ్ళంతా "అచ్చిన, అచ్చిన" అంటున్నారు, నేను "రా, రా" అంటున్నాను. ఆయన గబుక్కున ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మం దాటేసి, "ఇంతమందికి జలుబేంటండీ?" అన్నాడు. ఆపా నేలమీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

ఇంటికి వచ్చాక నవ్వు దిగి సిగ్గు పట్టుకుంది. నా ఒక్కదాని కోసం ఇంత తమాషానా అనిపించింది. మర్నాడు అన్నాలప్పుడు పక్క మిషన్ అక్కతో, "ఇగ పని బంద్ జేస్త అక్కా. నాతోటి అందరికి తిప్పలే" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. ఆమె డబ్బా మూత పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"పోకు చెల్లె. నువ్వు పోతే గా మాట బంద్ అయితది. నీకు చెప్తుంటే పక్కన నాక్కూడ ఇనవడుతది. నా ఎన్కకు చెప్పి అచ్చేది గీడనే. ఇంట్ల మా ఆయన ఎన్నడన్న చెప్పి కొట్టిండా?"

అన్నం వదిలేసి ఆపా దగ్గరికి వెళ్ళాను. ఆ మాట నా ఒక్కదానికే కాదు, షెడ్డులో ఎవరి వెనకకు వెళ్ళినా అనాలని అడిగాను. ఎందుకని అడగకుండానే ఆమె లేచి అందరినీ పిలిచింది.