ఎమ్మిగనూరు ఇంజనా, ఆదోని గేరుబాక్సా: ఎర్ర కారుతో ఒక రోజు

పన్నెండేళ్ళ క్రితం బెంగళూరులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న, పైకప్పు మడిచే రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు మాది. కర్నూల్లో మా వీధివాళ్ళు దాన్ని కారు అనరు, 'సార్ బొమ్మ' అంటారు. పోయిన దసరా నుంచి అది నీలిపొగ వదులుతోంది, నెల తిరక్కుండా లీటరు ఇంజనాయిలు తాగేస్తోంది. దాని సామాన్లు ఇప్పుడు దొరకవు. మా మెకానిక్ చేతులెత్తేసి, "ఇంజను, గేరుబాక్సు రెండూ మార్చుకో సార్, లేదంటే తూకానికి అమ్ముకో" అన్నాడు. తూకానికి అన్న మాట రెండు రాత్రులు నన్ను నిద్రపోనివ్వలేదు. వాకబు చేస్తే రెండు చోట్లు తేలాయి. ఎమ్మిగనూరులో పెద్ద ఇంజను, అయిదు గేర్ల బాక్సుతో. ఆదోనిలో చిన్న ఇంజను, ఆటోమేటిక్ గేరుబాక్సుతో. నా మనసు ముందే ఎమ్మిగనూరు చేరిపోయింది. స్పోర్ట్స్ కారుకు ఆటోమేటిక్ ఏమిటి, బిర్యానీలో పెరుగన్నం కలిపినట్టు!

అప్పటికి ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. ఏడాది కిందట స్కూటర్ మీంచి పడ్డప్పటి నుంచి నా ఎడమ మోకాలు సరిగా వంగడం లేదు. ట్రాఫిక్‌లో పదిసార్లు క్లచ్ తొక్కితే పదకొండోసారి కాలు నా మాట వినదు. మా ఆవిడ సరళకు తెలిస్తే కారు అమ్మేయమంటుందని భయం. అందుకే ఇంట్లో మెట్లు కూడా ఈల వేసుకుంటూ ఎక్కేవాణ్ణి.

రెండో శనివారం, ఆమెకూ నాకూ సెలవే. పొద్దున ఆరున్నరకు బయల్దేరాం. గూడూరు మీదుగా దాదాపు డెబ్బై కిలోమీటర్లు, మామూలు కారుకు గంటన్నర. మా పొగబండికి రెండు గంటలు పట్టింది. సరళ ఒళ్ళో ఉడకబెట్టిన బుడ్డల సంచి ఉంది. వేరుశనక్కాయల్ని మా వైపు బుడ్డలంటాం. అవంటే ఆమెకు ప్రాణం, కానీ నేను తోలేటప్పుడు ఒక్క గింజ ముట్టదు. కుడిచెయ్యి ఎప్పుడూ రెండు సీట్ల మధ్య ఉన్న హ్యాండ్‌బ్రేకు మీదే ఉంటుంది. ఈ ఇరుకు కారులో చెయ్యి పెట్టుకోను వేరే చోటు లేదు పాపం అనుకునేవాణ్ణి. "తినరాదా, నా డ్రైవింగంటే అంత భయమా?" అని ఎగతాళి చేస్తే, "ఆపినాక తింటాలే, రోడ్డు జూడండి" అంది.

ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఇద్దరికీ కలిపి తొంభై రూపాయలు. వండే ఆమె మా కారును ఎగాదిగా చూసి, "ఇద్దరే పట్టేదానికి అంత పొగెందుకప్పా?" అంది. నేను ఇంకో బజ్జీ అడిగాను. పాత సామాన్ల వ్యాపారి రంగన్న షెడ్డులో ఆ పెద్ద ఇంజను చెక్కదిమ్మెల మీద ఉంది. ప్రమాదంలో దెబ్బతిన్న ఒక కారు లోంచి తీసిందట, కాగితాలన్నీ ఉన్నాయి. బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశాడు. ఆ ఉరుము విని నాకు ఇరవయ్యేళ్ళు తగ్గాయి. "నీ బండికిది పెడితే గాలే సార్ ఇంక. డెబ్బైవేలకిస్తా, గేరుబాక్సు, తీగలు అన్నీ దీనివే" అన్నాడు. సరళ, "క్లచ్ ఎట్లుంటుందన్నా?" అని అడిగింది. "రోంత గట్టిగుంటాదమ్మా, పెద్దింజను గదా." మధ్యాహ్నానికి ఫోన్ చేస్తానని నేను రంగన్నకు మాటిచ్చాను.

అక్కణ్ణుంచి ఆదోని ముప్పై కిలోమీటర్లు. నిజానికి ఆదోని పోవడం, రెండూ చూశాకే తేల్చుకోవాలన్న సరళ మాట తీర్చడానికే. పత్తి సీజన్ కావడంతో మార్కెట్ యార్డు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఆగుతూ, కదులుతూ పోతుంటే పదకొండోసారి రానే వచ్చింది. క్లచ్ మీంచి కాలు జారి కారు ముందుకు దూకింది, ముందున్న పత్తి ట్రాక్టరుకు జానెడు దూరంలో ఆగిపోయింది. "ఇంజనే ఆగిపోయింది, మంచిదైంది" అని నవ్వేశాను. సరళ నవ్వలేదు.

ఆదోనిలో ఆ చిన్న ఇంజను ఉన్న మెకానిక్ మౌలాలి మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. వచ్చినవాళ్ళకు ఇంజను చూపించే ముందు ఆయన చేసే పని ఒకటుంది. బానెట్ ఎత్తడు, బండి తోలమని పక్క సీట్లో కూర్చుంటాడు. సరళను షెడ్డులో కూర్చోబెట్టి, సిరుగుప్ప రోడ్డులో నాలుగు మైళ్ళు పోయి వచ్చాం. ఆయన రోడ్డు వైపు చూస్తే ఒట్టు. దారి పొడుగునా నా కాళ్ళనే చూశాడు.

"ఇంజను తోలేది కాళ్ళే గదా సార్. ఎడమ కాలు నొప్పి ఎన్నాళ్ళాయ?" అన్నాడు తిరిగొచ్చాక.

"నొప్పేం లేదు మేస్త్రీ."

"నొప్పి లేనోడు క్లచ్ తొక్కేముందు ఊపిరి బిగబట్టడు."

నేను సరళ వైపు చూడలేకపోయాను. ఆయన కారును జాకీ మీద లేపి, వెనక చక్రాలు ఊడదీసి చాలాసేపు చూశాడు. "క్లచ్ కంటే ఈ హ్యాండ్‌బ్రేకు లైనింగులే ఎక్కువ అరిగినాయి. కదిలే బండిలో దీన్ని ఎవురో లాగుతాండారు. నువ్వేనా సార్?"

నేను కాదన్నాను. నిజంగానే కాదు.

"నేనేనన్నా" అంది సరళ. "ఏడాదైంది. ఆయన కాలు జారినప్పుడల్లా లాగుతాండా. ఇందాక పత్తి ట్రాక్టరు కాడ గూడా."

తల కొట్టేసినట్టయింది. "నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే మీరు బండి అమ్మేస్తారు. అది లేకపోతే మీరెట్లుంటారో నాకు తెలీదా?"

అక్కడే పాత టైరు మీద కూలబడ్డాను. నేను దాచింది ఆమె అమ్మేయమంటుందని, ఆమె దాచింది నేను అమ్మేస్తానని. మా ఇద్దరి మంచితనానికి ఏడాది పాటు దారిన పోయేవాళ్ళెవరూ బలికాకపోవడం మా అదృష్టం. మౌలాలి మేస్త్రీ మా ఇద్దర్నీ కలిపే తిట్టాడు. "ప్రేమ ఇంట్లో జూపించుకోండమ్మా, రోడ్డు మీద కాదు" అన్నాడు.

ఆ తర్వాత ఎంపికకు పది నిమిషాలే పట్టింది. ఆటోమేటిక్‌కు క్లచ్చే ఉండదు. చిన్న ఇంజను బరువు తక్కువ కాబట్టి కారు ముక్కు భారం కాదు, మలుపుల్లో తేలిగ్గా తిరుగుతుంది. ఇంజను, గేరుబాక్సు, దాని కంప్యూటరు, తీగలు ఒకే బండివి. బిగింపుతో సహా లక్షా పదివేలు, ఆరు వారాలు. రవాణా ఆఫీసు అనుమతి చేతికొచ్చాకే స్పానరు పడతానన్నాడు మేస్త్రీ. రంగన్నకు ఫోన్ చేసి వద్దని చెప్పాను. ఆ ఉరుము గుర్తొచ్చి కాస్త బాధగానే అనిపించింది, అబద్ధమెందుకు. కారు అక్కడే వదిలి మధ్యాహ్నం బస్సెక్కాం. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే సరళకు టికెట్ లేదు. సీట్లో కూర్చోగానే ఆమె బుడ్డల సంచి విప్పింది.

ఆరు వారాలు ఎనిమిదయ్యాయి, అనుమతి ఆలస్యమై. మొన్న ఆ కారులోనే మాధవరం దాకా పోయి తుంగభద్రను చూసి వచ్చాం. ఉరుము లేదు, దూకుడు లేదు. ఎడమ కాలికి పనే లేదు. స్పోర్ట్స్ కారంటే వేగమని ఇన్నేళ్ళూ అనుకున్నాను. పైకప్పు మడిచేసి, పక్కన మనిషి ఊపిరి బిగబట్టకుండా కూర్చున్నప్పుడు అరవైలో పోయినా చాలనిపించింది. మీరూ ఇలాంటి మార్పిడికి బయల్దేరితే ఒక్క సలహా: ఇంజను ఎంచుకోను ఒంటరిగా పోవద్దు, రోజూ మీ పక్క సీట్లో కూర్చునే మనిషిని వెంట తీసుకుపోండి. మా కారులో ఇప్పుడు సీట్ల కింద బుడ్డల తొక్కలు ఊడ్చలేక చస్తున్నాను.