బ్రేకమ్మ మెడలో వెతుకులాట

డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకునేవాళ్లు ఆవిడను ఎదురుగా మేడమ్ అనేవారు, వెనకాల బ్రేకమ్మ అనేవారు. నేర్పే పాత చిన్న కారులో, పక్క సీట్లో కూర్చునే ఆవిడ కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. క్లచ్చేదో బ్రేకేదో తోచక పక్కవాళ్లు కాళ్లతో తడుముకునే లోపలే ఆవిడ పాదం దాని మీద పడేది. గొంతు మాత్రం పెంచేది కాదు. ఎదురుగా లారీ వచ్చి పడుతున్నా, బల్ల మీద కాస్త చోటిమ్మని అడిగినంత నెమ్మదిగా, "కొంచెం పక్కకి జరుగుదామా" అనేది.

ఆవిడకు ఒక్కటే జబ్బు అని ఇంట్లోవాళ్లు నవ్వుకునేవారు. బండి ఎవరు నడుపుతున్నా సరే, అందులో కన్ను మూయదు. కళ్లజోళ్ల దుకాణం నడిపే భర్త బస్సు కదలగానే హాయిగా గురకపెట్టేవాడు. ఆవిడ మాత్రం ముందు సీట్లోంచి రోడ్డు చూస్తూ, ప్రతి మలుపు దగ్గరా కుడికాలు నేలకేసి నొక్కుతూ కూర్చునేది. దిగేసరికి ఆయన పువ్వులా ఉండేవాడు, ఈవిడ పిక్కలు పట్టుకుపోయి కుంటేది.

అలాంటి మనిషి ఉన్నట్టుండి నీరసపడటం మొదలుపెట్టింది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు. ఎముకల్లో సన్నని నొప్పులు. ఎప్పుడో వచ్చి పోయిన కిడ్నీ రాయి చుట్టపుచూపుగా మళ్లీ వచ్చింది. నోట్లోని మాట నోట్లోనే జారిపోయి, స్టీరింగును "అదే, ఆ గుండ్రంది" అని చూపించాల్సి వచ్చేది. బయట గొంతెత్తని మనిషి ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేసేది. వయసు మీద పడుతోందన్నాడు భర్త. ఫోను ఎక్కువ చూస్తోందంది కూతురు. ఫోను అంత చూసేది కూతురే కాబట్టి ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

అసలు సంగతి బయటపెట్టింది ఒక బ్యాంకు మేనేజరమ్మ. బ్యాంకులో అందరినీ గడగడలాడించే ఆ మనిషి స్టీరింగు పట్టుకుంటే తానే గడగడలాడేది. "నేను చెప్పేదాకా తిప్పొద్దు, చెప్పేదాకా ఆపొద్దు" అని బ్రేకమ్మ ఆవిడకు మొదటి రోజే చెప్పి ఉంచింది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ పెద్ద కూడలికి వెళ్లారు. నడుమ గుండ్రని పచ్చిక, చుట్టూ రోడ్డు. "ఇలాగే చుట్టూ పోనివ్వండి" అని చెప్పి, బ్రేకమ్మ తల వాల్చి నిద్రపోయింది.

మేనేజరమ్మ పోనిచ్చింది. ఆపమనే మాట రాలేదు కనుక మళ్లీ పోనిచ్చింది. పక్కకు చూడాలంటే భయం, అద్దంలో చూడాలంటే ఇంకా భయం. కూడలిలోని ట్రాఫిక్ పోలీసు మొదట పట్టించుకోలేదు. తర్వాత చూపు నిలిపాడు. తర్వాత, అదే కారు మరోసారి ఎదుటికి వచ్చేసరికి, ఉండబట్టలేక రోడ్డుకు అడ్డంగా నిలబడి చెయ్యి చూపించాడు. ఏదైనా పారేసుకున్నారా అమ్మా అని అడిగాడు.

మేనేజరమ్మ ముందుకే చూస్తూ చెప్పింది. "మేడమ్ ఇంకా ఆపమనలేదండీ."

ఇంజను ఆగిన నిశ్శబ్దానికి బ్రేకమ్మకు మెలకువ వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది. సాయంత్రం ఇంట్లో చెబితే భర్త కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. కూతురూ నవ్వింది. నవ్వుతూనే తల్లి ముఖం చూసి ఆగింది.

"అమ్మా, నువ్వు బస్సులో కూడా నిద్రపోవు కదా" అంది.

మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లింది. రక్తపరీక్షలో కాల్షియం ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువగా తేలింది. అక్కడినుంచి వాళ్లను ఒక సర్జన్ దగ్గరికి పంపారు. ఆ డాక్టరమ్మ బల్లమీద కాగితం పెట్టి మెడ బొమ్మ గీసింది. గొంతు ముందు థైరాయిడ్ ఉంటుంది. దాని వెనక బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగు అతుక్కుని ఉంటాయి. వాటి పేరు పారాథైరాయిడ్. ఒంట్లో కాల్షియం ఎంత ఉండాలో నిర్ణయించే పెద్దలు ఆ నలుగురే. అందులో ఒకటి పొగరెక్కి చిక్కుడు గింజంత అయింది, అవసరం లేకున్నా హార్మోను పోస్తూ ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి లాగేస్తోంది. స్కానులో ఎడమవైపు కనబడుతోంది కనుక తీసేస్తే సరిపోతుంది అని చెప్పింది సర్జన్.

"దాన్నే తీశారని మీకెలా తెలుస్తుంది?" అని బ్రేకమ్మ అడిగింది.

మంచి ప్రశ్న అని సర్జన్ సంతోషపడింది. ఆ హార్మోను రక్తంలో ఎక్కువసేపు నిలవదు, పోసే గ్రంథి పోతే నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. అందుకని కోసేముందు ఒకసారి, గ్రంథి తీసిన పది నిమిషాలకు మరోసారి రక్తం తీస్తారు. ఆపరేషన్ థియేటర్ పక్కగదిలోనే ఉన్న మెషీను అప్పటికప్పుడు లెక్క చెబుతుంది. సగానికి పైగా పడితే కుట్లు వేసేయడమే. పడకపోతే దొంగ ఇంకా లోపలే ఉన్నట్టు.

అంతా విని బ్రేకమ్మ ఒక్క షరతు పెట్టింది. తనను నిద్రపుచ్చకూడదు. భర్త నచ్చజెప్పబోయాడు. "ఒక్కసారి నిద్రపోతేనే కూడలి చుట్టూ తిప్పారు. ఇప్పుడు నిద్రపోతే మెడలో ఎక్కడెక్కడ తిప్పుతారో" అంది ఆవిడ. ఉన్న చోటు ఖాయంగా తెలుసు కనుక, మెడ ఒక్కటే మొద్దుబార్చి చేయొచ్చని సర్జన్ ఒప్పుకుంది. కదలకూడదు, అడిగితే తప్ప మాట్లాడకూడదు అని మాట తీసుకుంది. గొంతు నరం పక్కనే ఉంటుంది కాబట్టి అది బాగుందో లేదో చూసుకోవడానికి నడుమ నడుమ తానే మాట్లాడిస్తానంది.

ఆ రోజు బ్రేకమ్మ కళ్లముందు పచ్చటి గుడ్డ అడ్డంగా కట్టారు. ఎదుట రోడ్డు కనబడకుండా కూర్చోవడం, అదే పడుకోవడం, ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. మెడమీద ఎవరో వేళ్లతో పిండి కలుపుతున్నట్టు తెలుస్తోంది గాని నొప్పి లేదు. ఏదైనా ఒక మాట అనండమ్మా అని సర్జన్ అడిగింది.

"క్లచ్" అంది బ్రేకమ్మ.

మళ్లీ కాసేపటికి అడిగితే "గేరు" అంది. గుడ్డకు అవతల ఎవరో కిసుక్కుమన్నారు.

ఎడమవైపు గింజ దొరికింది. బయటికి తీసి, ఎంత లావుందో చెప్పి, గడియారం చూసుకుని ఆగారు. పది నిమిషాలయ్యాక రక్తం తీశారు. ల్యాబు అమ్మాయి సీసా పట్టుకుని పక్కగదికి పరిగెత్తింది. అక్కడి నుంచి ఇక ఎవరికీ పని లేదు. మెషీనుకు కూడా తన సమయం కావాలి. డాక్టర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మత్తు డాక్టరు తన కొత్త ఇంటి మెట్ల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నడిపేవాళ్లంతా బండి దిగి కబుర్లు చెప్పుకుంటున్నట్టనిపించి బ్రేకమ్మ కుడికాలు దుప్పటి కింద తనంత తాను నొక్కుకుంది. కాలు కదపకండమ్మా అని నర్సు పట్టుకుంది.

అమ్మాయి తిరిగొచ్చింది. హార్మోను పడలేదు. పడలేదంటే ఏదో కాస్త తగ్గింది, అంతే. మరోసారి రక్తం తీశారు, మరోసారి అమ్మాయి పరిగెత్తింది. ఈసారి మెట్ల కథ ఎవరూ ఎత్తలేదు. రెండోసారీ అదే జవాబు వచ్చింది.

సర్జన్ గుడ్డ పక్కకు తొలగించి ముఖం చూపించింది. ఇంకొకటి ఎక్కడో ఉంది, అది స్కానుకు చిక్కలేదు, కుడివైపు కూడా తెరిచి చూడాలి అని చెప్పింది. ఇందాక కుట్లు వేసేసి ఉంటే మీరు సంతోషంగా ఇంటికెళ్లి, అదే నొప్పులతో మళ్లీ వచ్చేవారు అని కూడా చెప్పింది.

"ఎక్కడుందో తెలుసా మీకు?" అని బ్రేకమ్మ నెమ్మదిగా అడిగింది.

"తెలియదమ్మా. వెతకాలి. నిద్రపుచ్చితే నాకు తేలికవుతుంది."

తెలుసని చెప్పి ఉంటే బహుశా ఆవిడ ఒప్పుకునేది కాదు. దారి తెలియకుండానే తెలిసినట్టు తిప్పేవాళ్లను ఆవిడ చాలామందిని చూసింది. తెలియదన్న మనిషి చేతిలో భయం అనిపించలేదు. కుడికాలు వదులు చేసుకుని, సరే, మీరు నడపండి అంది.

కళ్లు తెరిచేసరికి వేరే గది, వేరే నర్సు. బ్రేకమ్మ గొంతు బొంగురుగా, "పడిందా?" అంది.

నర్సు కంగారుపడి మంచం కింద వంగి చూసింది. ఏం పడిందమ్మా, చెవిదిద్దా అని అడిగింది. అప్పుడే లోపలికి వచ్చిన సర్జన్ నవ్వు ఆపుకోలేకపోయింది. పడింది, ధబేలుమని పడింది అంది. కుడివైపు గ్రంథి థైరాయిడ్ వెనక బాగా కిందికి నక్కి ఉందట. దాన్ని తీశాక ల్యాబు అమ్మాయి ఈసారి పరిగెత్తకుండా, తీరుబడిగా నడిచి వచ్చి లెక్క చెప్పిందట.

బయట కూర్చున్న భర్త కథ తర్వాత తెలిసింది. సీసాతో అమ్మాయి ఎదురుగా పరిగెత్తినప్పుడల్లా ఆయన లేచి నిలబడేవాడట. ఆఖరిసారి నడిచి వచ్చేసరికి ఇంకా భయపడి కూర్చుండిపోయాడట. కూతురు ఆయనకు రెండుసార్లు నీళ్లు తాగించిందట.

ఆ రాత్రి బ్రేకమ్మ పెదాల చుట్టూ చీమలు పాకినట్టయింది. ఆకలితో ఉన్న ఎముకలు కాల్షియాన్ని వెనక్కి లాక్కుంటున్నాయని చెప్పి మాత్రలు మింగించారు. కొన్ని వారాలకు దాహం తీరింది, మాటలు నోటికి అందాయి, స్టీరింగు మళ్లీ స్టీరింగ్ అయింది. డ్రైవింగ్ స్కూలుకు కూడా వెళ్లసాగింది.

చిక్కంతా ఇంట్లోనే వచ్చింది. జబ్బు తేలిన రోజునుంచి ఆవిడ ఏమన్నా, పాపం గ్రంథి అని భర్తా కూతురూ వదిలేస్తూ వచ్చారు. ఒక ఉదయం భర్త తడి తువ్వాలు మంచం మీద పడేసి వెళ్లబోతే ఆవిడ ఆయన్ని కడిగిపారేసింది. ఆయన గుమ్మంలో ఆగి, భార్య మెడ మీది సన్నటి గీత వైపు ఆశగా చూశాడు.

"ఇంకా ఒకటి మిగిలి ఉందంటావా?" అని అడిగాడు.

"రెండున్నాయండీ. రెండూ బంగారంలా పనిచేస్తున్నాయి. ఇది నేనే."

ఆయన వెనక్కి వచ్చి తువ్వాలు తీసి తీగమీద ఆరేశాడు.