బావ చేతి కింది రెండో లివరు

మొన్న ఎరువుల కోసం పెద్దపల్లి పోయినప్పుడు ట్రాక్టర్ల షోరూము ముందు జనం గుమిగూడి ఉంటే నేనూ ఆగాను. కొత్త ట్రాక్టరుకు ముందువైపు బరువులెత్తే లోడరు బిగించి, దాని బకెట్లో నిండు నీళ్ల బిందెను నిలబెట్టి పైకి ఎత్తుతున్నారు. మనిషి ఎత్తు దాటినా చుక్క ఒలకలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం ఆ బకెట్ అంచు వైపే చూస్తూ పక్కనున్న గద్దె మీద కూర్చున్నాను.

బెల్లంపల్లి దగ్గర ఒక కలప డిపోలో నేను గుమాస్తాగా చేరిన రోజుల్లో అక్కడి లోడరు నడిపింది మా అక్క భర్తే. బకెట్ తీసేసి పొడవాటి ఇనుప పళ్లు బిగించి, వాటితో టేకు మొద్దులను లారీల్లోకి ఎక్కించేవాడు. అప్పటి లోడరుతో చిక్కేమిటంటే, దాని రెండు ఇనుప చేతులు పైకి లేస్తున్నకొద్దీ చివరనున్న పళ్లు కూడా వెనక్కి, డ్రైవరు వైపుకే వాలిపోయేవి. అందుకని ఒక లివరుతో ఎత్తుతూనే, రెండో లివరుతో పళ్లను కొద్దికొద్దిగా ముందుకు వంచుతూ ఉండాలి. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించే మనిషి కాబట్టో ఏమో, బావకు రెండు చేతులతో రెండు పనులు చేయడం ఒక లెక్కే కాదు.

ఆ మధ్యాహ్నం ఎత్తుతున్నది బాగా లావుపాటి మొద్దు. అది బానెట్ కంటే పైకి లేచిన వేళ, లారీ మీద నిలబడ్డ కూలీ ఒకతను కాలు జారి తూలాడు. బావ చూపు అటు పోయింది. చేతులు లేస్తూనే ఉన్నాయి, పళ్లు వెనక్కి వాలుతూనే ఉన్నాయి.

"బావా, మొద్దు ఎన్కకు వస్తున్నది, దించు" అని అరిచాను గానీ ఇంజను చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు. మొద్దు లోడరు చేతుల మీదుగా దొర్లి, స్టీరింగును విరిచి, ఆయన ఒడిలో పడడం కళ్లెదుటే చూస్తూ నిలబడ్డాను. ఆ మొద్దును ఎత్తగల యంత్రం డిపో మొత్తంలో ఆ లోడరొక్కటే, అదేమో మొద్దు కిందే ఉంది. గడ్డపారలు పెట్టి అందరం కలిసి తోస్తుంటే, బావ నా వైపు చూసి మెల్లగా అడిగాడు.

"గా మనిషి లారీ మీదికెల్లి పడ్డడా?"

"పడలే బావా."

"గట్లనా, మంచిదే."

కరీంనగర్ ఆసుపత్రిలో ప్రాణమైతే దక్కింది గానీ నడుము కింది భాగం చచ్చుబడింది. బతికినన్నాళ్లూ, నేను చూడటానికి పోయిన ప్రతిసారీ ఒకటే అడిగేవాడు: "జర యాది చేసుకో బామ్మర్ది, రెండో లివరు నేను పట్టుకునే ఉన్ననా, ఇడిశిపెట్టిన్నా?" నేను చూసింది మొద్దును, ఆయన చేతిని కాదు. "నాకు తెల్వదు బావా" అనడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఆ జవాబు దొరక్కుండానే ఆయన పోయాడు.

షోరూము మెకానిక్ నన్ను కొనేవాణ్ణనుకుని దగ్గరికొచ్చి చూపించాడు. లోడరు చేతికి సమాంతరంగా ఇంకో కడ్డీ ఉంది. చేయి లేస్తుంటే ఆ కడ్డీయే బకెట్‌ను వెనక్కి వాలకుండా పట్టి ఉంచుతుందట, రెండో లివరును మాటిమాటికీ కదపాల్సిన పని లేదట. మొద్దులెత్తేటప్పుడు కూడా లోపమేమీ లేదా అని అడిగాను.

"ఎందుకు లేదు పెద్దాయనా, కడ్డీలు అడ్డమొచ్చి బకెట్ అంచు సరిగ్గ కనవడది. ముందట బరువు పెరుగుతది, గా మేరకు ఎత్తేది తగ్గుతది. కీళ్లకు గ్రీజు పెట్టకుంటే లూజైతయి. కట్టకుంటే మొద్దు ఇప్పటికీ దొర్లుతది."

అప్పుడు మనిషి రెప్ప వేయకుండా కాచుకోవాల్సినదాన్ని ఇప్పుడు ఇనుమే కాచుకుంటోంది. మంచిదే, ఈ కాలపు డ్రైవర్లు ఆ మేరకు అదృష్టవంతులు. ఇంటికి పోయాక మాత్రం అక్కకు ఈ సంగతి చెప్పలేదు. ఇంత చిన్న కడ్డీ ఒకటి ఉంటే సరిపోయేదేమోనని ఆమెతో ఏ నోటితో చెప్పను?